ఓడ దిగి లక్షద్వీప్‌లో ఒక పూట: మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు

మిర్యాలగూడ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. డిసెంబరులో కొచ్చి నుంచి ఓడలో లక్షద్వీప్ వెళ్తున్నారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అరవై ఆరేళ్ల అమ్మ. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రోజూ పొద్దున ఒక దీవిలో దిగి, సాయంత్రం మళ్లీ ఓడ ఎక్కాలి. అక్కడ ఎలా మసలుకోవాలి, ఏం కట్టుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి, శాకాహారం దొరుకుతుందా, అసలు అమ్మను తీసుకెళ్లొచ్చా అని అడిగారు.

నల్లగొండ, దేవరకొండ వైపు నుంచి చిన్న చిన్న బృందాలను ఇలాంటి ప్రయాణాలకు తీసుకెళ్లడం నా పని. కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

అమ్మను తీసుకెళ్లండి. కాకపోతే ఓడలోంచి బోటులోకి దిగే ఆ రెండు నిమిషాల గురించి ముందే ఆలోచించాలి. మిగతా ప్రయాణం ఆమెకు కష్టం కాదు.

సముద్రం బాగుండి, ఆ దీవిలో వసతి ఉంటే ఓడ నేరుగా జెట్టీకే ఆనుతుంది. లేకపోతే పగడపు దిబ్బ బయట లోతు నీళ్లలో ఆగుతుంది, అక్కడి నుంచి చిన్న బోట్లలో ఒడ్డుకు చేరుస్తారు. ఓడ పక్కన, నీటికి కాస్త పైన ఒక తలుపు తెరుస్తారు. కింద బోటు ఉంటుంది. అల వచ్చినప్పుడు బోటు గడప దాకా లేస్తుంది, అల పోగానే కిందికి జారిపోతుంది. తలుపు దగ్గర ఇద్దరు, బోటులో ఇద్దరు సిబ్బంది నిలబడి ఉంటారు. బోటు పైకి లేచిన క్షణంలో వాళ్లు రమ్మంటారు. అప్పుడే అడుగు వేయాలి. ఒక కాలు బోటులో, ఒక కాలు ఓడలో పెట్టి ఆగిపోతేనే ప్రమాదం. వాళ్లు వద్దన్నప్పుడు ఎంత దగ్గరగా కనిపించినా కదలకూడదు.

అమ్మకు ఇంటి దగ్గరే రెండు మాటలు చెప్పి ఉంచండి. ఒకటి, అక్కడ పరాయి మగవాళ్లు చెయ్యి పట్టుకుని దింపుతారు, రెక్క పట్టుకుంటారు, ఒక్కోసారి నడుము దగ్గర ఆసరా ఇస్తారు. మన పెద్దవాళ్లు మొహమాటంతో చెయ్యి వెనక్కి లాక్కుంటారు, సరిగ్గా అప్పుడే తూలుతారు. ముందే తెలిస్తే ఆ ఇబ్బంది ఉండదు. రెండోది, వాళ్లు పట్టుకోవడం ఒక్కటే సరిపోదు, ఆమె కూడా వాళ్ల మణికట్టును గట్టిగా పట్టుకోవాలి. చేతుల్లో ఏమీ ఉండకూడదు, కవరు కూడా. సామాను వీపు సంచిలో, ఫోను జిప్పు ఉన్న జేబులో. పిల్లలను సిబ్బంది అందుకుంటారు, వాళ్ల చేతికివ్వండి. చంటిదాన్ని నేనే ఎత్తుకుని దిగుతానని పట్టుబట్టకండి.

పంజాబీ డ్రెస్ అలవాటుంటే అదే వేయించండి. చీరే కట్టుకుంటానంటే, నాట్లేసేటప్పుడు కట్టినట్టు కాస్త పైకి కట్టి, కుచ్చిళ్లు గట్టిగా దోపి, కొంగు నడుముకు చుట్టుకోమనండి. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి. హవాయి చెప్పులు వద్దు.

వెళ్లే ముందు ఒక ఆదివారం అమ్మను నాగార్జునసాగర్ తీసుకెళ్లి, నాగార్జునకొండకు లాంచీలో తిప్పుకురండి. మీకు దగ్గరే. సాగర్ నీళ్లలో సముద్రపు అల ఉండదు, నిజమే. కానీ కదిలే పడవలోకి కాలు పెట్టడం, రెయిలింగ్ పట్టుకుని నిలబడడం, నీళ్ల మీద గంటసేపు కూర్చోవడం ఆమెకు ఎలా ఉందో తెలిసిపోతుంది. కొండ మీద మెట్లెక్కి మ్యూజియం దాకా నడిచాక ఆమె మోకాళ్ల సంగతి కూడా తెలుస్తుంది. అక్కడే బాగా ఇబ్బంది పడితే, దీవుల దగ్గర బోటు దిగాల్సి వచ్చిన రోజు ఆమెను ఓడలోనే ఉంచి, ఎవరో ఒకరు తోడుండేలా ముందే అనుకోండి. ఓడ డెక్ మీది నుంచి కూడా లగూన్ రంగు, అంటే పగడపు దిబ్బకూ ఒడ్డుకూ మధ్య ఉండే నీళ్ల రంగు చూడొచ్చు. అక్కడికక్కడ బోటు తలుపు దగ్గర ఇంటిల్లిపాది వాదించుకోవడం కంటే అది ఎంతో నయం.

ఇక అసలు సంగతి. చాలామంది లక్షద్వీప్ అంటే బీచ్ అనుకుని వెళ్తారు. మీరు దిగేది ఒక ఊళ్లో. 36 దీవుల్లో జనం నివసించేవి 10. నేల అంతా కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. మన సాగర్ జలాశయం నిండినప్పుడు నీళ్లు పరుచుకునే విస్తీర్ణమే దాదాపు 285 చదరపు కిలోమీటర్లు. ఆ కొంచెం నేల మీదే 2011 జనాభా లెక్కల నాటికి 64 వేలకు పైగా మనుషులు ఉన్నారు. అంటే మీరు జెట్టీ దిగి పది నిమిషాలు ఎటు నడిచినా ఎవరో ఒకరి వాకిట్లోంచే నడుస్తారు. మన ఊరికి ఒక పూట కోసం వందమంది కొత్తవాళ్లు వచ్చి, గోడల మీది నుంచి తొంగి చూస్తూ ఫోన్లు పట్టుకుని తిరిగితే మనకెలా ఉంటుందో అనుకుంటే చాలు, అక్కడ ఎలా మసలాలో సగం అర్థమైపోతుంది.

స్థానికుల్లో దాదాపు అందరూ ముస్లింలు, షెడ్యూల్డ్ తెగలుగా గుర్తింపు ఉన్నవాళ్లు. ఆస్తి తల్లి వైపు నుంచి కూతుళ్లకు వచ్చే పద్ధతి అక్కడ పాతకాలం నుంచి ఉంది. ఇంటి దగ్గర ఆడవాళ్లే పెద్దలు అనుకుని, ఏదైనా అడగాలంటే వాళ్లను మర్యాదగా అడగండి. వాళ్ల ఫొటోలు మాత్రం అడగకుండా తీయకండి. ఇక్కడ నేను గట్టిగానే చెప్తాను. దూరం నుంచి జూమ్ చేసి తీసినా అది దొంగచాటుగా తీసినట్టే. అడిగితే కొందరు నవ్వి ఒప్పుకుంటారు, కొందరు చెయ్యి అడ్డం ఊపుతారు. ఊపితే అక్కడితో వదిలేయండి. బడికి వెళ్లే పిల్లల ఫొటోలూ అంతే.

ఊళ్లో నడిచేటప్పుడు మగవాళ్లయినా ఆడవాళ్లయినా భుజాలు, మోకాళ్లు కప్పుకునే బట్టలు వేసుకోండి. మన చుడీదార్, చీర, ప్యాంటు షర్టు చక్కగా సరిపోతాయి. ఈత బట్టలు పర్యాటకుల బీచ్ దగ్గరే. నీళ్లలోంచి లేచి తడి నిక్కరుతో చొక్కా లేకుండా కిరాణా కొట్టుకు నడిచి వెళ్లడం మన కుర్రాళ్లు చేస్తుంటారు. అది అక్కడ బాగుండదు. ఒక లుంగీయో తువ్వాలో సంచిలో పెట్టుకుంటే సరి.

కవరత్తి దీవిలో ఉజ్రా మసీదు ఉంది, చెక్కతో చేసిన పైకప్పు మీద నగిషీలు చాలా అందంగా ఉంటాయి. లోపలికి వెళ్లొచ్చా అని గైడ్‌నో అక్కడి పెద్దవాళ్లనో అడిగి, వాళ్లు సరే అన్నాకే, చెప్పులు విప్పి, తల కప్పుకుని వెళ్లండి. మీరు దిగేది శుక్రవారమైతే మధ్యాహ్నం జుమా నమాజు వేళ కొట్లు మూసి ఉంటాయి, దానికి తగ్గట్టు చూసుకోండి. మందు సీసా పొరపాటున కూడా సంచిలో ఉండకూడదు. ఈ దీవుల్లో మద్యనిషేధం ఉంది, సామాను తనిఖీ చేస్తారు.

భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. మినికాయ్ దీవి తప్ప మిగతా చోట్ల మాట్లాడేది మలయాళం యాసే. మినికాయ్‌లో మాత్రం మహల్ అనే వేరే భాష, మాల్దీవుల భాషకు దగ్గరిది, కుడి నుంచి ఎడమకు రాస్తారు. అక్షరాస్యత 91 శాతం పైనే ఉంది కాబట్టి ఇంగ్లిష్, కాస్త హిందీ వచ్చినవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు.

నీళ్ల గురించి మన జిల్లా వాళ్లకు ఎక్కువ చెప్పనక్కర్లేదనుకుంటాను. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు ఎలా వంగిపోయాయో చూసినవాళ్లం. మంచినీళ్ల బిందె విలువ మనకు తెలుసు. ఆ దీవుల్లో నదులు లేవు, చెరువుల్లాంటి నిల్వలు లేవు. కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద పలచని పొరగా నిలుస్తుంది. బావుల్లో తోడేది ఆ పొరనే. ఎక్కువ తోడితే కింది ఉప్పునీరు పైకొస్తుంది. అందుకే 2005లో కవరత్తిలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు పెట్టారు, రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యంతో. దాన్ని కట్టింది చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. ఉపరితలంలోని గోరువెచ్చని నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, సుమారు 350 మీటర్ల లోతు నుంచి పైపుతో తెచ్చిన చల్లని నీటితో ఆ ఆవిరిని మళ్లీ నీళ్లుగా మారుస్తారు. 2011లో మినికాయ్, అగత్తిల్లో కూడా పెట్టారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, బీచ్ దగ్గర స్నానాల గదిలో పిల్లలు నల్లా తిప్పి ఇసుక కడుక్కుంటూ ఆడుకుంటుంటే ఆపండి. ఒక బకెట్టు చాలు, మిగతా స్నానం ఓడలో చేయొచ్చు. తాగే నీళ్లు స్టీలు సీసాల్లో ఓడలోనే నింపుకుని దిగండి. దాంతో ప్లాస్టిక్ సీసాల చెత్తా ఉండదు. అంత చిన్న నేల మీద చెత్త పారేయడానికి చోటు ఎక్కడిది? చిప్స్ కవర్లు, చాక్లెట్ కాగితాలు ఒక సంచిలో వేసి మళ్లీ ఓడకే తెచ్చేయండి.

నీళ్లలో దిగడం దగ్గరికి వద్దాం. మీ పిల్లలు సాగర్ ఎడమ కాలువలో ఈత నేర్చుకుని ఉండొచ్చు. అయినా లగూన్‌లో లైఫ్ జాకెట్ విప్పనివ్వకండి. లగూన్ ప్రశాంతంగానే ఉంటుంది, చాలాచోట్ల నడుం లోతే. కానీ పగడపు దిబ్బకు మధ్యలో బోట్లు వచ్చిపోయే దారి దగ్గర, ముఖ్యంగా ఆటు సమయంలో, నీరు బయటి సముద్రంలోకి బలంగా లాగుతుంది. అటువైపు వెళ్లకూడదు. అక్కడి మనిషి ఎంతవరకు వెళ్లమంటే అంతవరకే.

మాస్కు పెట్టుకుని తల ముంచితే పిల్లలు మొదట చేసే పని, కనిపించినదాన్ని ముట్టుకోవడం. పగడం రాయిలా కనిపిస్తుంది గాని ప్రాణమున్న జీవి. గుండ్రటి బండల్లాంటి రకాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. మన మోకాలంత ఎత్తు పెరగడానికి దానికి యాభై ఏళ్ల దాకా పడుతుంది. దాని మీద నిలబడి ఫొటో దిగితే ఆ ఒక్క నిమిషంలో పైపొర నలిగిపోతుంది. పైగా అవి ఇప్పటికే దెబ్బ తిని ఉన్నాయి. సముద్రం వేడెక్కి 1998, 2010, 2016ల్లో అక్కడి పగడాలు తెల్లబడి పెద్ద ఎత్తున చనిపోయాయి, 2024లో మళ్లీ అదే జరిగింది. బతికి ఉన్నవాటిని మన కాళ్లతో చంపొద్దు. పిల్లలకు చేతులు వెనక్కి కట్టుకుని తేలడం నేర్పండి, ఆటలా నేర్చుకుంటారు. కదలకుండా కాసేపు తేలితే ఇంకో లాభం కూడా ఉంది. నీలం, ఆకుపచ్చ రంగుల ప్యారట్ ఫిష్ దగ్గరికి వస్తాయి. అవి పగడాన్ని కొరికే చప్పుడు నీళ్లలో టక్ టక్ మని స్పష్టంగా వినిపిస్తుంది. కొరికిన సున్నపు ముక్కను మెత్తగా నూరి, తెల్లని ఇసుకగా విసర్జిస్తాయి. బీచ్ మీది ఇసుకలో చాలా భాగం అలా తయారైందేనని పిల్లలకు అక్కడే చూపించండి. ఆ పగడపు దిబ్బే పెద్ద అలలను బయటే ఆపుతుంది. చాలాచోట్ల ఒకటి రెండు మీటర్ల ఎత్తు కూడా లేని ఆ నేల ఇంకా అక్కడ ఉందంటే కారణం అదే.

ఒడ్డున పడి ఉంది కదా అని పగడం ముక్క, పెద్ద గవ్వ, శంఖం సంచిలో వేసుకోకండి. పగడాలు, పెద్ద ఆల్చిప్పలు, సీ కుకుంబర్లు (దోసకాయ ఆకారంలో ఉండే సముద్ర జీవులు) వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. సంచిలో దొరికితే కేసు. మా మరదలు కోసం ఒక్కటే అంటే ఎవరూ వినరు. ఇంటికి ఏదైనా తేవాలంటే కొబ్బరితో చేసిన మిఠాయిలు, కొబ్బరి పీచు వస్తువులు కొనండి, డబ్బు ఆ ఊరివాళ్లకే చేరుతుంది. చేపలు తినేవాళ్లయితే మాస్ అనే ఎండు ట్యూనా బాగుంటుంది, కాకపోతే వాసన గట్టిది, రెండు మూడు కవర్లలో చుట్టించుకోండి. చెట్టు కింద రాలిన కొబ్బరికాయ కూడా ఎవరూ లేనిది కాదు. ప్రతి చెట్టుకూ యజమాని ఉంటాడు, ఎండు కొబ్బరి వాళ్ల జీవనాధారం. బోండాం తాగాలనిపిస్తే అడిగి, డబ్బిచ్చి తాగండి.

ఎండను తక్కువ అంచనా వేయకండి. మే నెలలో నల్లగొండ ఎండ చూసినవాళ్లం, ఇదేం చేస్తుందిలే అనుకుంటాం. అక్కడ గాలి చల్లగా తగులుతుంటుంది కాబట్టి కాలుతున్నట్టే తెలియదు. పైనుంచి వచ్చే ఎండ చాలక తెల్లని ఇసుక, నీళ్లు కింది నుంచి కొడతాయి. సాయంత్రానికి మెడ వెనక, మోకాలి వెనక బొబ్బలెక్కుతుంది. పొడుగు చేతుల ఈత చొక్కా, టోపీ అన్నిటికంటే మంచి మందు. సన్‌స్క్రీన్ రాసుకోవాలంటే జింక్ ఆక్సైడ్ రకం కొనండి. ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్నవి పగడాలకు హాని చేస్తాయి. అమ్మకు గొడుగు తప్పనిసరి, నీడన కుర్చీ దొరికితే ఆమె అక్కడ కూర్చుని పిల్లలను చూసుకుంటుంది. అడుగున అద్దం ఉన్న బోటు దొరికిన చోట మాత్రం ఆమెను ఎక్కించండి. నీళ్లలో దిగకుండానే పగడాలు, చేపలు చూడొచ్చు.

తిండి సంగతి. దీవుల్లో భోజనమంటే అన్నం, ట్యూనా, కొబ్బరి. కూరగాయలు ఎక్కువగా కేరళ, మంగళూరు నుంచి పడవల్లో రావాల్సిందే. శాకాహారం కావాలని బుకింగ్ అప్పుడే రాయించండి, ఇస్తారు, కానీ పప్పు, ఏదో ఒక కూర, పెరుగు అంతవరకే అనుకోండి. కందిపొడి, చింతకాయ తొక్కు చిన్న డబ్బాలో పెట్టుకుంటే అమ్మకు పూట గడుస్తుంది. పిల్లలకు సకినాలు, అటుకుల చుడువా. వండినవాళ్ల ముందు మాత్రం ఇది మాకు నచ్చలేదని ముఖం చిట్లించకండి, పిల్లలకూ చెప్పండి. ఒకవేళ ఎప్పుడైనా రంజాన్ నెలలో వెళ్తే, పగటి పూట బజారులో నిలబడి తినడం, తాగడం మానుకోండి.

ఓడలో కడుపు తిప్పడం చాలామందికి మొదటి రాత్రే మొదలవుతుంది. మాత్ర వాంతులు మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు, ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి. ఏ మాత్ర, పిల్లలకు ఎంత, అమ్మ వాడే బీపీ షుగర్ మందులతో కలిపి వేయొచ్చా అన్నది మీ డాక్టరునే అడగండి. ఖాళీ కడుపూ వద్దు, నిండా తినడమూ వద్దు. కళ్లు తిరిగితే డెక్ మీదికొచ్చి దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీతను చూస్తూ ఉండాలి. ఫోను చూస్తే ఎక్కువవుతుంది. అమ్మ మందులు అనుకున్న రోజుల కంటే ఒక వారం ఎక్కువ తీసుకోండి, సగం మీ దగ్గర, సగం ఆమె సంచిలో. నోట్ల రూపంలో డబ్బు ఉంచుకోండి, ఏటీఎంలు తక్కువ.

కాగితాల విషయంలో ఆలస్యం చేయకండి. మన దేశస్థులకే అయినా అక్కడి స్థానికులు కాని వాళ్లకు ప్రవేశ అనుమతి కావాలి, 1967 నాటి నిబంధనల నుంచీ ఉన్న పద్ధతి. ఆధార్, ఫొటోలతో పాటు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడుగుతుంటారు. ఇంట్లో పెద్దవాళ్లందరికీ దానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. పిల్లల ఆధార్‌లో పేరు, టికెట్టులో పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది ప్రభుత్వ టూరిజం సొసైటీ వాళ్ల ‘సముద్రం’ అనే ప్యాకేజీలా ఉంది, కవరత్తి, కల్పేని, మినికాయ్ చూపించేది. దానికి వాడే ఎం.వి. కవరత్తి ఓడను కట్టింది మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో. పిల్లలకు చెప్పండి, సంతోషిస్తారు. మినికాయ్‌లో 1885 నాటి లైట్‌హౌస్ ఉంది. పైకి ఎక్కనిస్తే పిల్లలతో మీరు ఎక్కండి, అమ్మకు ఆ మెట్లు వద్దు.

కొచ్చికి మీకు శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది, మిర్యాలగూడలోనే ఎక్కొచ్చు. డిసెంబరు అయ్యప్ప స్వాముల సీజను, ఆ రైల్లో బెర్తులు దొరకడం చాలా కష్టం. ఓడ తేదీ ఖాయం కాగానే మొదట రైలు టికెట్లు చూడండి. ఓడ బయల్దేరే ముందు రోజే కొచ్చి చేరుకోండి. తిరుగు ప్రయాణానికి, ఓడ కొచ్చి చేరే రోజుకే రైలు పెట్టుకోవద్దు, కనీసం ఒక రోజు తేడా ఉంచండి. సముద్రం బాగాలేకపోతే ఒక దీవిలో అసలు దించకపోవచ్చు, ఓడే ఆలస్యం కావచ్చు. 2017 డిసెంబరు మొదట్లో ఓఖీ తుపాను ఆ దీవుల మీదుగానే పోయింది. దించలేదని సిబ్బందితో గొడవపడేవాళ్లను ప్రతిసారీ చూస్తుంటాను. కెప్టెన్ వద్దన్నాడంటే ఆ తలుపు దగ్గర అలలు మీ అమ్మ అడుగు వేయగలిగేలా లేవని అర్థం, ఆ రోజు క్యాబిన్‌లో పత్తాలాట ఆడుకోండి.